ఇంటికొచ్చిన మనిషి మీద అర్జీ

2018 వానాకాలం మొదట్లో నన్ను అచ్చంపేట ప్రాజెక్టుకు బదిలీ చేశారు. స్త్రీ శిశు సంక్షేమ శాఖలో నా హోదా శిశు అభివృద్ధి పథకం అధికారి. ఎవరూ అంత పొడుగ్గా అనరు, సీడీపీవో అంటారు. కొన్ని మండలాల అంగన్‌వాడీ కేంద్రాలను కలిపి ఒక ప్రాజెక్టు అంటాం. కేంద్రంలో టీచరు, కొన్ని కేంద్రాల మీద సూపర్‌వైజరు, వాళ్లందరి మీద సీడీపీవో. గుడ్లు, పాలు సరిగ్గా అందుతున్నాయా, పిల్లల బరువులు తూస్తున్నారా, గర్భిణుల పేర్లు నమోదు చేశారా అని చూసుకోవడమే మా పని అని బయటివాళ్లు అనుకుంటారు. సగం పని అదే. మిగతా సగం ఆడవాళ్ల అర్జీలు.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. అక్కడ ఇచ్చిన ప్రతి అర్జీ మీద ఏ శాఖకు సంబంధించినదో రాసి, కింది ఆఫీసుకు పంపుతారు. ఇంటి గొడవ అయితే మాకు వస్తుంది. మేం అర్జీదారును పిలిచి వింటాం. హింస జరిగినట్టు తేలితే గృహహింస నివేదిక నింపి జిల్లాలోని రక్షణ అధికారికి పంపాలి. అక్కడి నుంచి అది మేజిస్ట్రేటు ముందుకు పోతుంది. హింస లేదనిపిస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. దాన్నే కౌన్సెలింగ్ అంటాం. ఏది చేసినా చివరికి "తీసుకున్న చర్య" అనే గడిలో ఒక వాక్యం రాసి పైకి పంపితేనే అర్జీ ముగిసినట్టు.

నేను చేరిన కొద్ది వారాలకే అలివేలు అనే ఆమె అర్జీ వచ్చింది. విషయం దగ్గర "భర్త వేధింపుల గురించి" అని ఉంది. కింద నాలుగు లైన్లు కూడా అరిగిపోయిన మాటలే. కలెక్టరేట్ గేటు బయట చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసిపెట్టేవాళ్ల భాష మాకు తెలిసిందే. ఆడమనిషి భర్త మీద రాయించుకుంటే వాళ్ల దగ్గర ఉన్న శీర్షిక అదొక్కటే. నేను గృహహింస నివేదిక ఫారం తీసి బల్ల మీద పెట్టుకుని, ఆమెకు కబురు చేశాను.

అలివేలుది అచ్చంపేటకు బస్సులో గంటలోపు దూరంలో ఉన్న ఊరు. గొర్లు కాసుకునే కుటుంబం. నలభైకి దగ్గరగా ఉంటుంది. ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు సుజాత వెంట వచ్చింది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది. ఏం జరిగిందో చెప్పమన్నాను.

"మా ఆయనను మళ్ల బొంబాయి పంపియ్యాలె మేడం," అంది.

నాకు సరిగ్గా వినపడలేదనుకున్నాను. మా ప్రాంతం నుంచి వచ్చే అర్జీలు ఎప్పుడూ దీనికి తలకిందులుగా ఉంటాయి. భర్త బొంబాయి పోయి రావడం లేదు, పూణేలో ఇంకొకామెతో ఉంటున్నాడు, ఫోన్ ఎత్తడు, పిలిపించండి అంటారు. పాలమూరు నుంచి పనికి పోయిన మనుషులను వెనక్కి రప్పించమని అడిగే ఆడవాళ్లనే అప్పటిదాకా చూశాను.

కొడతాడా అని అడిగాను. లేదంది. తాగుతాడా? పండుగకు, అదీ కొంచెం. అనుమానిస్తాడా? లేదు. ఇంకొకామె ఉందా? ఆమెకు నవ్వొచ్చింది. గొర్రెలు అమ్మేస్తానంటున్నాడా, నీ బంగారం అడిగాడా, కూతురి చదువు మాన్పిస్తానన్నాడా? దేనికీ తల అడ్డంగానే ఊపింది. సుజాత కూడా ఆ మనిషి నెమ్మదస్తుడని చెప్పింది. ఫారంలో టిక్కు పెట్టగలిగిన గడి ఒక్కటీ దొరకలేదు. మరి వేధింపులని ఎందుకు రాయించావని అడిగితే, "నేను గట్ల జెప్పలే. రాసెటాయన గట్ల రాస్తెనే తీసుకుంటరన్నడు," అంది.

చివరికి నేను అడగడం మానేసి, మొదటి నుంచీ చెప్పమన్నాను. ఆమె భర్త పేరు కుర్మయ్య. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ మేస్త్రి వెంట గుంపులో కలిసి బొంబాయి దిక్కు మట్టి పనికి పోయారు. కడుపుతో ఉన్నప్పుడు ఆమె తిరిగొచ్చింది. కూతురు పుట్టింది, మామ పోయాడు, అత్తను ఒంటరిగా వదిలే వీల్లేక ఆమె ఊళ్లోనే ఉండిపోయింది. కుర్మయ్య మాత్రం పోతూనే ఉన్నాడు. మట్టి పని నుంచి సెంట్రింగ్ పనికి మారాడు. అంటే స్లాబు వేసే ముందు పలకలు, కర్రలు బిగించే పని. పీర్ల పండుగకో, ఉగాదికో వచ్చి కొన్ని రోజులుండి పోయేవాడు. ఇటు ఆమె మామ వదిలిపోయిన నాలుగు గొర్రెలను మంద చేసింది. కూతురు రేణుక ఇంటర్‌కు వచ్చింది. కిందటి ఏడాది ఊరి చెరువులోకి కాలువ నీళ్లు వచ్చాయి. ఊళ్లోనే బతకొచ్చని కుర్మయ్య పెట్టే బేడా సర్దుకుని వచ్చేశాడు.

ఇందులో తప్పేముందో నాకు కనిపించలేదు. ఆ రోజుల్లో మా సమీక్షా సమావేశాల్లో వలసలు ఆగుతున్నాయన్నదే పెద్ద శుభవార్త. తిరిగొచ్చిన కుటుంబాల పిల్లలను కేంద్రాల్లో చేర్పించామని చెప్పుకుని మెప్పు పొందేవాళ్లం. ఆ శుభవార్తే నా ఎదురుగా కూర్చుని, దీన్ని వెనక్కి తీసుకోండి అంటోంది.

వారం తిరక్కుండా ఇంటి విచారణకు పోయాను. అర్జీలో చెప్పని సంగతి ఇంట్లో తెలుస్తుందని మాకు శిక్షణలో చెబుతారు. అలివేలు మందతో గుట్ట వైపు పోయింది. అత్త బుచ్చమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది. కొడుకు వచ్చాక ఇల్లెట్లా ఉందని అడిగాను. ఆ ముసలామె చేట పక్కన పెట్టింది.

"నా కొడుకు నా కండ్ల ముందట ఉన్నడు, నాకైతె అదే సాలు. గని కోడలి మొకం జూస్తె పాపమనిపిస్తది. ఇంతకాలం నన్ను సాదింది ఆమెనే. నేనెవ్వరి దిక్కు మాట్లాడాలెనో నాకే సమజైతలేదమ్మా."

నాకూ అర్థం కావడం లేదని ఆమెతో అనలేను కదా.

కుర్మయ్య దొడ్డి దగ్గర ఉన్నాడు. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చి, ఇల్లంతా తిప్పి చూపించాడు. చేతిలో పనితనం ఉన్న మనిషి. వచ్చిన నాటి నుంచి ఒక్కరోజు ఊరికే కూర్చోలేదు. ఇంటి ముందు గచ్చు చేశాడు. పొయ్యిని ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపి పొగ పోయేందుకు గొట్టం పెట్టాడు. గొర్రెల దొడ్డికి ముళ్లకంచె తీసేసి ఇనుప గేటు బిగించాడు. దొడ్డిలో నేలంతా సిమెంటు వేశాడు. భార్య అర్జీ పెట్టిందని అతనికి తెలుసు. కోపం కనిపించలేదు. తప్పిపోయిన వస్తువు కోసం వెతుకుతున్న మనిషిలా ఉన్నాడు.

"నేనేం జేసిన మేడం? ఇంటి మీద పాణం పెట్టుకోని ఇన్నేండ్లు బయట ఉంటి. ఇప్పుడు ఇంటికొస్తె, పొమ్మంటుంది. కొట్లాడితెనన్న నాకు తెలుస్తుండె. కొట్లాడ్తనే లేదు."

ఇంట్లో ఎవరూ తనకు ఏమీ చెప్పరని అతని బాధ. అన్నం వడ్డించమంటే తల్లి కోడలి దిక్కు చూస్తుంది. ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో, ఎవరి చేనులో మంద పెట్టాలో అన్నీ తనకు తెలియకుండానే జరిగిపోతాయి. చుట్టానికి చేసినట్టు మర్యాద మాత్రం చేస్తారు.

తిరిగి వస్తుంటే ఊరి బయట అలివేలు మందతో ఎదురైంది. దొడ్డిలో సిమెంటు సంగతి అడిగాను. తడి ఇంకదు, గొర్రెల గిట్టలు చెడుతున్నాయి అంది. ఆ మాట అతనితో అన్నావా అంటే, లేదంది. "అంత సంబురంగ జేసిండు. ఎట్ల జెప్పాలె?" రోజూ పొద్దున ఆ సిమెంటు మీద ఎండుటాకులు పరిచి పోతోందట.

రేణుకను కాలేజీ దగ్గర కలిశాను. ఆమెతోనూ మాట్లాడమని సుజాత చెప్పింది. పదిహేడేళ్ల పిల్ల, మాట కచ్చితంగా ఉంది. నాయిన తనను రోజూ బండి మీద బస్టాండు దాకా దింపుతాడని, ఒక్కోసారి అచ్చంపేట దాకా వచ్చి కాలేజీ గేటు దగ్గర నిలబడతాడని చెప్పింది. "మా దోస్తులు నాకు నాయిన లేడనుకున్నరు మేడం. ఇప్పుడు చూపెట్టిన," అంది. నాయిన ఉండాలా పోవాలా అని నేను అడగలేదు. ఆమే చెప్పింది, ఉండాలని. అమ్మ చెప్పింది కూడా అబద్ధం కాదని మళ్లీ చెప్పింది. ఎందుకని అడిగితే తనకు తెలియదంది.

అంటే ఒక ఇంట్లో నలుగురు. ఒకామె పంపమంటుంది, ఒకాయన ఎందుకు పోవాలంటాడు, ఒకామె ఉండాలంటుంది, ఇంకొకామె ఎటూ చెప్పలేనంటుంది. అందరూ నిజమే చెబుతున్నారు. అబద్ధం చెప్పేవాళ్లతో మాకు పని సులువు. ఎక్కడ పొంతన కుదరలేదో అక్కడ పట్టుకుంటాం. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఒక సంగతి మాత్రం నాకు గుర్తొచ్చింది. మాది నకిరేకల్ దగ్గర నేత కుటుంబం. నా చిన్నప్పుడు మగ్గం నడవక మా నాయిన బొంబాయి దగ్గరి భీవండి పోయి మరమగ్గాల మీద పనిచేశాడు. ఆయన వస్తాడంటే ఇంటిల్లిపాదికీ పండుగ. పూర్తిగా వచ్చేసిన ఏడాది మాత్రం మా పిల్లలకు ఇల్లు ఇరుకైపోయినట్టుండేది. ఆయన ఎప్పుడు బయటికి పోతాడా అని చూసేవాళ్లం. అమ్మకు ఎలా ఉండేదో నాకు తెలియదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అలివేలు చెప్పేది పూర్తిగా అర్థం కాకపోయినా కొట్టిపారేయలేకపోవడానికి అదొక కారణం కావచ్చు.

ఉమ్మడి కౌన్సెలింగ్ మా ఆఫీసులోనే పెట్టాను. దానికో పద్ధతి ఉంది. ముందు విడివిడిగా వినాలి, తర్వాత కలిపి కూర్చోబెట్టాలి. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కుర్చీలు వేయాలి. ఎదురుగా కూర్చుంటే మాటలు వాదనైపోతాయి. చుట్టాలను రానివ్వకూడదు. ఇద్దరికీ తెలిసిన ఆడమనిషి ఒకరుంటే మంచిదని సుజాతను కూర్చోబెట్టాను.

నేను నాలుగు ప్రతిపాదనలు ముందే సిద్ధం చేసుకున్నాను. దొడ్డి సిమెంటు తీసేయాలి, మంద లెక్కలు భర్తకు చెప్పాలి, వంటింటి జోలికి అతను పోకూడదు, అలాంటివి. ఇద్దరూ అన్నిటికీ సరేనన్నారు. సిమెంటు సంగతి విని కుర్మయ్య, "ముందుగాల చెప్తె తవ్వేస్తుంటి గద," అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నారంటే నేను అసలు సంగతి దగ్గరికే రాలేదని తెలిసిపోయింది.

అప్పుడు కుర్మయ్యే అడిగాడు. "నన్ను పొమ్మంటె పోత మేడం. గని ఎందుకు పోవాల్నో ఆమెను జెప్పుమనుండ్రి."

అలివేలు నా వైపే చూస్తూ మాట్లాడింది. అతను బొంబాయిలో ఉన్నప్పుడు రోజూ పొద్దుగూకే వేళ ఫోన్ చేసేవాడట. ఆమె గుట్ట మీద మందతో ఉండేది. సిగ్నల్ అందే బండ ఒకటుంది, దాని మీద కూర్చునేది. మంద ఇంటి దారి పట్టేదాకా మాట్లాడుకునేవాళ్లు. పనిచేసే పెద్ద పెద్ద భవనాల గురించి, గదిలో ఫ్యాను గురించి, మేస్త్రి తనకిచ్చే ఇజ్జత్ గురించి, ఆదివారం సముద్రం ఒడ్డుకు పోతే అక్కడ తిరిగే జనం గురించి చెప్పేవాడు. ఆమె నవ్వీ నవ్వీ కడుపు పట్టుకునేదట. ఇంటికొచ్చాక ఆ మాటలు ఆగిపోయాయి. పక్కనే కూర్చుంటాడు, ఏదో ఒకటి బిగిస్తుంటాడు, మాట్లాడడు.

"ఫోన్ల మాట్లాడెటోడు వేరె మనిషి మేడం. గా మనిషి నా మొగడు. గీయన ఎవరో నాకు తెలుస్తలేదు. పంపిస్తె గా మనిషి మళ్ల ఫోన్ జేస్తడని."

సుజాత తల దించుకుంది. నేను ఏం రాసుకోవాలో తెలియక పెన్ను పక్కన పెట్టాను. అప్పటిదాకా అర్జీలో కనిపించని సంగతి ఇదన్నమాట. ఆ మనిషి అంటే ఇష్టం లేక ఆమె పంపమనలేదు.

కుర్మయ్య మెల్లగా అన్నాడు. "ఫోన్ల జెప్పినయి అన్ని నిజం గావు మేడం."

గది లేదు, ఫ్యాను లేదు. ఎక్కడ పనుంటే అక్కడ రేకుల షెడ్డు. సముద్రాన్ని ఒక్కసారే చూశాడు, అదీ బస్సులోంచి. రెండేళ్లు అసలు బొంబాయిలోనే లేడు. ఎక్కడో కొండ తొలిచే పనికి మేస్త్రి తీసుకుపోయాడు. ఒకరోజు పైనుంచి బండ పడి, పక్కన పనిచేస్తున్న మనిషి చనిపోయాడు. వాళ్లిద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు. ఆ సాయంత్రం కూడా ఫోన్ చేశాడు. అలివేలు ఏం సంగతులని అడిగితే, సముద్రం ఒడ్డున ఒక ముసలాయన టోపీ గాలికి ఎగిరిపోయి నీళ్లలో పడిందని కల్పించి చెప్పాడు.

"ఆమె ఒక్కతె గుట్ట మీద ఉంటది. నేను గిట్ల ఏడుస్తె ఆమె ఇంటికెట్ల పోతది? అందుకని నవ్వెటియి జెప్పిన. ఇప్పుడు ఇంట్ల కూసుంటె జెప్పనీకి నా దగ్గర ఏం లేవు. ఉన్నయి జెప్పబుద్ధి గాదు."

అలివేలు అప్పటిదాకా నాతోనే మాట్లాడింది. మొదటిసారి అతని వైపు తిరిగింది. ఆ టోపీ మాట ఆమెకు గుర్తుంది. రేణుక ఆరో తరగతిలో ఉన్నప్పటి సంగతి. ఇంటికి పోయి అత్తకు చెబితే అత్త కూడా నవ్విందట.

"గా దినం నేను నవ్వుతుంటె నువ్వు ఏం జేస్తున్నవ్?" అని అడిగింది.

తర్వాత తన సంగతి చెప్పింది. రేణుక విషజ్వరంతో మహబూబ్‌నగర్ దవాఖానలో ఉన్నప్పుడు, పిల్ల పరీక్షలు రాస్తోందని అతనితో అంది. ఒక వానాకాలం కుక్కలు మందలో పడి గొర్రెపిల్లలన్నిటినీ చంపేస్తే, మంద మంచిగా పెరుగుతోందని చెప్పింది. ఒకసారి ఉగాదికి అతను వచ్చి పోయాక కడుపొచ్చింది. మూడో నెలలో పోయింది.

"మీ అమ్మకు తెల్సు. నీకు జెప్పొద్దని నేనే అన్న," అంది.

కుర్మయ్య కుర్చీలోంచి లేచాడు. గొడవ పడతాడేమోనని నేనూ లేచాను. అతను కిటికీ దగ్గరికి పోయి నిలబడి, కాసేపటికి వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. ఎవరిని తప్పుపట్టాలో తెలియని ముఖం. ఆమెదీ అలాగే ఉంది. ఇద్దరూ ఒకరికొకరు బరువు కాకూడదనే చేశారు. ఇన్నేళ్లు ఒకరి గురించి ఒకరికి తెలిసిందంతా ఉత్తదని ఇద్దరికీ ఒకే మధ్యాహ్నం తెలిసింది.

పద్ధతి ప్రకారం ఆ దశలో ఒప్పంద పత్రం రాయించాలి. ఏమని రాయిస్తాను? అతను బండి మీద పోయాడు. ఆమె సుజాతతో కలిసి ఆటో ఎక్కింది. ఎక్కే ముందు సుజాత వెనక్కి వచ్చి, "మేడం, గిది మంచిగైనట్టా, ఖరాబైనట్టా?" అని అడిగింది. చూద్దామన్నాను.

ఆ నెల ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని తెలిసింది. అలివేలు కొన్నాళ్లు తల్లిగారింటికి పోయింది. కడుపు సంగతి ఎందుకు దాచారని కుర్మయ్య తల్లిని నిలదీశాడు. జిల్లా ఆఫీసు నుంచి అర్జీ ఎంతవరకు వచ్చిందని గుర్తుచేస్తూనే ఉన్నారు. "విచారణలో ఉంది" అని రాసి పంపాను. సమీక్షలో మా పై అధికారి, భర్త తిరిగొచ్చాడు, హింస లేదు, ఇంకా విచారించడానికి ఏముందని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. రెండోసారి కూర్చోబెట్టాల్సి ఉందని చెప్పాను. కూర్చోబెట్టి ఏం మాట్లాడాలో నాకు తెలియదని మాత్రం చెప్పలేదు.

నేను పిలవకముందే అలివేలు వచ్చింది. కేసు ఉన్నవాళ్లు ఊరు దాటకూడదని ఎవరో అన్నారట, నిజమేనా అని కనుక్కోవడానికి. అలాంటి నియమం ఏదీ లేదు, ఇది కేసు కాదు, అర్జీ మాత్రమేనని చెప్పాను. ఎక్కడికి పోతావని అడిగాను.

"బొంబాయి. గాడ ఏముందో సూసొస్త. ఆయన ఎన్ని జెప్పినా ఏది నిజమో నాకు తెలుస్తలేదు."

ఒంటరిగానా అని అడిగితే, అతనే తీసుకుపోతున్నాడంది. వద్దని చెప్పే అధికారం నాకు లేదు, మంచిదని చెప్పే ధైర్యం కూడా లేదు. ఇద్దరూ మేస్త్రి గుంపుతో కలిసి బస్సెక్కారు. మందను ఊళ్లో అలివేలుకు తోడికోడలు వరసయ్యే ఒకామె మందలో కలిపారు.

చూసి వారంలో వస్తారనుకున్నాను. రాలేదు. అక్కడే పనిలో కుదిరారని సుజాత చెప్పింది. అప్పుడు నిజంగా కంగారుపడ్డాను. నా ఆఫీసు రికార్డు ప్రకారం, వలస మానుకుని ఇంటికి చేరిన ఒక మనిషి, మా కౌన్సెలింగ్ తర్వాత భార్యను కూడా వెంటబెట్టుకుని మళ్లీ వలసపోయాడు. ఇంట్లో ముసలామె, ఇంటర్ చదివే ఆడపిల్ల మిగిలారు. కొద్ది రోజులకు రేణుక ఆఫీసుకు వచ్చింది. ఊరి నుంచి రాకపోకలు కుదరడం లేదు, హాస్టల్లో సీటు కావాలని అడిగింది. వెనక్కి తిరిగి పోయేటప్పుడు, "నాయినను పంపియ్యిమని మా అమ్మ మీ తానకొచ్చింది. ఇప్పుడు ఇద్దరు పోయిండ్రు," అంది. కోపంగా అనలేదు. నేను వార్డెన్‌తో మాట్లాడి సీటు ఇప్పించాను. నా చేతిలో ఉన్నది అదొక్కటే.

ఉగాదికి ముందు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అర్జీ వెనక్కి తీసుకుంటానని అలివేలు చెప్పింది. ఆమె నల్లబడింది, చేతుల నిండా సిమెంటు పగుళ్లు. ఏం చూశావని అడిగాను. అతను పడుకున్న షెడ్లు చూసిందట. ఒకదాంట్లో ఆ నెలలన్నీ తనూ పడుకుంది. కొండ తొలిచిన చోటికి కూడా తీసుకుపొమ్మందట. అది చాలా దూరమని తీసుకుపోలేదు. చనిపోయిన మనిషి ఊరు మాత్రం నారాయణపేట దిక్కు. తిరుగు ప్రయాణంలో ఆ ఊళ్లో దిగి, అతని భార్యను చూసి వచ్చారు. ఆ ఇంట్లో ఏం మాట్లాడారో వాళ్లు చెప్పలేదు.

సముద్రం చూశావా అన్నాను.

"చూపెట్టిండు మేడం. నాకు నచ్చలే," అంది. కుర్మయ్య కొద్దిగా నవ్వాడు. ఆ మనిషి నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఏం అనుకుంటున్నారని అడిగాను. కుర్మయ్య షాద్‌నగర్‌లో పనికి కుదిరాడు. అక్కడ కొత్త కంపెనీల షెడ్లు లేస్తున్నాయి, సెంట్రింగ్ పనికి కొదవ లేదు. వారమంతా అక్కడ, ఆదివారం ఇంటికి. ఇది ఎవరి ఆలోచన అని అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దొడ్డిలో సిమెంటు అతనే తవ్వేశాడు. ఇనుప గేటు అలాగే ఉంది, దానికి ఆమె అలవాటు పడింది. రేణుక హాస్టల్లోనే ఉంటానంటోంది. నాయిన ఆదివారం ఒక్కరోజే ఉంటే తను ఇంటికి వచ్చి ఏం లాభమని అడిగిందట.

కుర్మయ్య బయటికి పోయాక అలివేలును ఒంటరిగా అడిగాను, ఇప్పుడు ఫోన్ చేస్తాడా అని.

"జేస్తడు. జర తక్కువ మాట్లాడ్తడు. పని దొరకకుంటె దొరకలే అనే జెప్తడు. నడుము నొస్తుందంటె నొస్తుందంటడు." మళ్లీ తనే అంది. "అప్పటి ముచ్చట్లే మంచిగుండె మేడం. వినబుద్ధి అయితుండె."

ఇప్పుడు బాగా లేదా అని అడిగాను. బాగా లేదని తాను అనలేదంది. ఆ జవాబును నేను ఇప్పటికీ పూర్తిగా విప్పుకోలేకపోయాను.

వాళ్లు పోయాక ఫైలు తీశాను. తీసుకున్న చర్య దగ్గర "ఇరువురితో మాట్లాడడమైనది, రాజీ కుదిరినందున అర్జీ ముగించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. మా శాఖలో అలాంటి అర్జీలకు అదే వాక్యం రాస్తారు. వాళ్లు రాజీ పడ్డారా, అలసిపోయారా, కొత్తగా పరిచయమయ్యారా అన్న సంగతికి వేరే గడి లేదు. పై ఆఫీసు దాన్ని ఆమోదించింది.

అచ్చంపేట తర్వాత ఇంకో ప్రాజెక్టులో కొంతకాలం పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ మిగిలిన కాలంలో, వలస పోయి వచ్చిన దంపతుల అర్జీ వస్తే విచారణలో నేనొక మార్పు చేశాను. గొడవ ఏమిటన్న ప్రశ్న మొదట అడిగేదాన్ని కాదు. దూరంగా ఉన్న రోజుల్లో ఒకరికొకరు ఏం చెప్పుకోలేదో విడివిడిగా అడిగేదాన్ని. కొందరు చెప్పారు, కొందరు లేచి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న తర్వాత నిలబడ్డ కాపురాలూ ఉన్నాయి, విడిపోయినవీ ఉన్నాయి. అడగకపోయుంటే వాటిలో ఏది ఏమయ్యేదో చెప్పే ఆధారం నా దగ్గర లేదు. నా స్థానంలోకి వచ్చిన అధికారి మాత్రం ఏమైనా చెప్పమని అడిగితే ఒక్క మాట చెప్పాను. భర్త ఇల్లు చేరాడన్న దాన్ని పరిష్కారం కింద రాసి ఫైలు మూయకండి, విచారణ ఆ రోజు నుంచే మొదలుపెట్టండి అని.